ముగ్గురం, ఒక రాయి

మద్రాసులో కాపురం ఉన్నవాళ్ళకు చుట్టాలకేం కొదవ ఉండదు. మొదట్లో మమ్మల్ని చూడాలని వస్తున్నారని మురిసిపోయేదాన్ని. వాళ్ళు చూడటానికి వచ్చేది సముద్రాన్ని అని తర్వాత తెలిసింది. సంచి కింద పెట్టకముందే "బీచికి ఎప్పుడు పోదాం?" అంటారు. మహాబలిపురం రథాల ముందు, మొసళ్ళ పార్కులో, కంచి పట్టుచీరల అంగళ్ళలో నేను తీసిన ఫోటోలు మా బంధువుల ఇళ్ళలో గోడలకు వేలాడుతున్నాయి. వాటిల్లో ఒక్కదాంట్లోనూ నేను ఉండను. పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఊరు చూపించే ఉద్యోగం నా నెత్తిన పడింది. పైగా తగుదునమ్మా అని కారు నడపడం కూడా నేర్చుకున్నాను. ఇక చెప్పేదేముంది.

కానీ పోయిన వేసవిలో మా పిన్ని కూతురు చిత్తూరు వైపు నుంచి వస్తోందంటే మాత్రం విసుక్కోలేదు. అప్పటికి ఆరు నెలల కిందట ఆమె భర్త పోయాడు. పొద్దున పొలంలో మోటారు వేయడానికి వెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలిపోయాడు. అప్పటి నుంచి మా చెల్లెలు గడప దాటలేదు. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు కూడా. శవం దగ్గర కూడా పొడి కళ్ళతో కూర్చుని ఉంటే, నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. దిగమింగుకుంటోందిలే అని నేను సర్దిచెప్పాను.

ఫోన్ చేసింది ఆమె కూతురు. ఒక్కతే బిడ్డ. చదువైపోయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి.

"అమ్మ రోజూ ఒక కంచం జాస్తి పెడతాది పెద్దమ్మా," అంది. "నాకోసం అనుకుంటివా? నేనుంటే మూడు, లేనప్పుడు రెండంట. ఇట్లాంటి మనిషిని ఒంటిగా వదిలి నేనెట్ట పోయేది? నీ కాడికి తెస్తా. నువ్వు చూసి చెప్పు. ఒంటిగా ఉండలేదంటే ఉద్యోగం వద్దని చెప్పేస్తా."

చూసి చెప్పడానికి నేనేం డాక్టర్నా? అయినా రమ్మన్నాను. నాన్న పోయినా ఏడుస్తూ ఏడుస్తూ చదువు ముగించిన పిల్ల అది. దాని బతుకు నా నోటి మాట మీద ఆధారపడిందంటే గుండెల మీద బండ పెట్టినట్టయింది.

వచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఎక్కడికి పోదాం అని అడిగాను. బీచి, గుడి, పాండీ బజారు, నా మామూలు పాట పాడాను. మా చెల్లెలు గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

"నీళ్ళు జాస్తిగా, జనం తక్కువగా ఉండే చోటికి తీసకపో అక్కా."

కూతురి మొహం పాలిపోయింది. నా వెనకే వంటింట్లోకి వచ్చి చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, ఆమెను నీళ్ళ కాడ ఒంటిగా వదలద్దు," అంది. అంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదు. నాకూ అదే భయం.

ఆలోచించి పులికాట్ సరస్సు అన్నాను. ఈ వైపు పళవేర్కాడు అంటారు. నీళ్ళు కనుచూపు మేర ఉంటాయి గానీ చాలాచోట్ల లోతు ఉండదు. పడవల వాళ్ళుంటారు, రొయ్యలు పట్టే ఆడవాళ్ళుంటారు, కేక వేస్తే ఎవరో ఒకరు పలుకుతారు. సముద్రం కంటే అదే నయం అనుకున్నాను.

మా ఆయనకు అంబత్తూరు ఫ్యాక్టరీలో డ్యూటీ. అందుకని మేం ముగ్గురమే. చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా మా చెల్లెలు ఆగింది.

"ముగ్గురం గదక్కా."

మా ఇళ్ళల్లో ఇదొక పట్టింపు. ముగ్గురు కలిసి బయల్దేరకూడదు, తలపెట్టిన పని చెడుతుందంటారు. తప్పనిసరైతే ఒక చిన్న రాయి వెంట పెట్టుకుంటారు. ఆ రాయే నాలుగో మనిషి. మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళినా రవికెలో గులకరాయి దోపుకునేది. నాకు ఇట్లాంటివంటే చిరాకు.

"సరి, సరి. కింద కాంపౌండులో ఏదో ఒక కంకర ముక్క ఏరుకుందాం, పద," అన్నాను.

"నేను తెచ్చుకున్నా," అని భుజానికున్న సంచిని తట్టింది.

చిత్తూరు నుంచి బయల్దేరేటప్పుడు వాళ్ళు ఇద్దరే. ఇక్కడ ముగ్గురమవుతామని ముందే ఎట్లా తెలుసు, రాయి ఎందుకు మోసుకొచ్చింది అన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు.

తల్లీ కూతుళ్ళు వెనక సీట్లో కూర్చున్నారు. ముందు నా పక్కన కూర్చోమంటే వినలేదు. "సంచి ఆడ పెడతా అక్కా," అని ఆ సీట్లో తనే జాగ్రత్తగా పెట్టింది. బండి కదలగానే బెల్టు పెట్టుకోమని కారు టింగు టింగుమని మోగడం మొదలుపెట్టింది. నాది పెట్టే ఉంది. పక్క సీటు గుర్తు ఎర్రగా వెలుగుతోంది. బరువైన సంచి పెడితే ఒక్కోసారి మనిషనుకుంటుంది, తెలిసిందే. కూరగాయల సంచికి కూడా మోగింది ఒకసారి. చిరాకేసి సిగ్నల్ దగ్గర బెల్టు లాగి సంచి మీదుగా తగిలించాను. మోత ఆగింది. అద్దంలో చూస్తే మా చెల్లెలు నావైపే చూస్తోంది. ఆరు నెలల్లో మొదటిసారి ఆమె మొహంలో చిన్న నవ్వు లాంటిది కనిపించింది. సంతోషించాల్సింది పోయి, నేను చూపు రోడ్డు మీదికి తిప్పేసుకున్నాను.

మనలి దాటేటప్పుడు ఆయిల్ రిఫైనరీ గొట్టం చివర మంట పట్టపగలు ఎండలో పాలిపోయి ఆడుతోంది. కిటికీలు ఎత్తేసినా ఆ వాసన లోపలికి వస్తుంది. మామూలుగా నేను చుట్టాలకు ఇక్కడ ఒక ఉపన్యాసం ఇస్తాను, ఆ రోజు ఇవ్వలేదు.

పొన్నేరిలో టిఫిన్‌కు ఆగాం. రోడ్డు మీది చిన్న హోటలు, నాలుగు కుర్చీల టేబుళ్ళు. నాలుగో కుర్చీలో మా చెల్లెలు సంచి పెట్టింది. సర్వర్ వచ్చి అరిటాకులు వేశాడు, నీళ్ళు చిలకరించాడు. నాలుగు ఆకులు. తీసెయ్యమని చెప్పబోయేలోపే నాలుగింట్లోనూ ఇడ్లీలు పెట్టి పోయాడు.

"ఒకటి జాస్తి వేసినాడు," అన్నాను.

"ఉండనీ," అంది మా చెల్లెలు.

టేబుల్ కింద పిల్ల నా మోకాలు గట్టిగా పట్టుకుంది. నాలుగో ఆకులో ఇడ్లీలు పొగలు కక్కి, చల్లారి, అట్లాగే ఉండిపోయాయి. వాటికి డబ్బు కట్టి లేచాను. రద్దీలో సర్వర్లు ఇట్లాంటివి చేస్తూనే ఉంటారని పిల్లకు చెప్పాను. నాకు నేనే చెప్పుకున్నాననాలి.

పులికాట్‌లో చూడదగ్గది ఒకటుంది, డచ్చివాళ్ళ పాత శ్మశానం. ఎప్పుడో ఓడల్లో వచ్చి, బట్టల వ్యాపారం చేసి, ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళ సమాధులు. గేటు స్తంభాల మీద అటొకటి ఇటొకటి అస్థిపంజరాలు చెక్కి ఉంటాయి. ఆమె ఉన్న స్థితిలో ఆ చోటికి తీసుకెళ్ళే ఉద్దేశం నాకు లేదు. కానీ రేవుకు పోయే దారి దాని పక్కనే. మా చెల్లెలు గేటు ముందు నిలబడిపోయింది.

"వీళ్ళని సొంత ఊరికి ఎవరూ తీసకపోలేదా?" అని అడిగింది.

"ఓడలో నెలలు పడతాయి. ఎట్లా తీసుకుపోతారు?"

"పాపం. యాడోళ్ళు ఆడనే ఆగిపోయినారు," అంది. సమాధి రాళ్ళ మధ్య మేకలు మేస్తున్నాయి. నడినెత్తిన ఎండ, ఎక్కడా గాలి లేదు, అయినా పొదల్లో ఏదో సన్నగా కదులుతున్న చప్పుడు. పిల్ల మమ్మల్నిద్దరినీ ఫోటో తీస్తానని ఫోన్ ఎత్తింది. ఎత్తినదల్లా దించేసి, మళ్ళీ ఎత్తి, నన్ను దగ్గరికి పిలిచింది. మొహాలు కనబడితే ఫోను వాటి చుట్టూ పసుపు గీతలు గీస్తుంది కదా. నేను పక్కకు తప్పుకున్నా తెర మీద రెండు చతురస్రాలున్నాయి. ఒకటి మా చెల్లెలి మొహం చుట్టూ. రెండోది ఆమె భుజం పక్కన, కాస్త ఎత్తులో.

"స్తంభం మీది పుర్రెను మొహం అనుకునిందిలే," అన్నాను.

పుర్రె ఉన్నది ఆమెకు ఎడమ పక్క. చతురస్రం కుడి పక్క వణుకుతోంది. పిల్ల ఫోటో తీయకుండానే ఫోన్ తన చేతిసంచిలో పడేసింది.

రేవులో ఒక పెద్దాయన తన పడవలో ఇసుక మేట దాకా తీసుకెళ్తానన్నాడు. అక్కడ సరస్సు సముద్రంలో కలుస్తుంది. ఆయన ముందుగా ఆరెంజి రంగు లైఫ్ జాకెట్లు పడవలోకి విసిరాడు. చూస్తూనే ఉన్నాను. నాలుగు విసిరి ఇక చాలన్నట్టు చేతులు దులుపుకున్నాడు. తనకూ ఒకటి కాబోలనుకున్నాను. ఆయన వేసుకోలేదు. మేం మూడు వేసుకున్నాం. నాలుగోది మా చెల్లెలి పక్కన బల్ల మీద పడి ఉంది. దాని మీద ఆమె చెయ్యి ఆనించి కూర్చుంది.

పడవ నీళ్ళ మీదికి వచ్చాక ఊరు చప్పుడంతా ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. దూరంగా థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఎండలో కరిగి తేలుతున్నట్టున్నాయి. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. ఈ సరస్సు మీదికి ఎంతమంది చుట్టాలను తెచ్చానో. పక్షులు, ఫోటోలు, కేకలు, ఇదే నాకు తెలిసిన పులికాట్. ఆ రోజు చూసింది వేరే చోటు. పిల్ల తల్లి చీర కొంగును తన వేలికి చుట్టుకుని కూర్చుంది, చంటిపిల్లప్పుడు నిద్రలో పట్టుకున్నట్టు.

ఇసుక మేట మీద దిగాం. పెద్దాయన పడవలోనే కూర్చుని బీడీ ముట్టించాడు. చుట్టూ ఎవరూ లేరు. నీళ్ళు జాస్తి, జనం తక్కువ. అడిగినదే చూపించాను, ఇక ఏమవుతుందో అని ఆమెకు చెయ్యి అందేంత దగ్గరలో నిలబడ్డాను. మా చెల్లెలు ఇసుకలో కూర్చుని సంచి తెరిచింది. అందులోంచి మగవాళ్ళ తువ్వాలు ఒకటి తీసింది. మా మరిదిది, నీలం గళ్ళది. మడతలు విప్పితే లోపల అరచేతికి నిండుగా నల్లటి రాయి.

"ఇదేం రాయి?" అన్నాను.

"ఆయన పోయినాక పది దినాలు ఒక రాయి పెట్టి నువ్వులు, నీళ్ళు వదిలినారు గదక్కా. ఆ రాయి."

మాలో ఎవరైనా పోతే పది రోజులూ పోయిన మనిషి ఆ రాయిలోనే ఉంటాడని చెబుతారు. ఆకలికి అన్నం, దాహానికి నీళ్ళు అన్నీ ఆ రాయికే. పదో రోజున దాన్ని నీళ్ళలో కలిపితేనే ఆయనకు ఈ ఇంటితో రుణం తీరి దారి దొరుకుతుంది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడమనే మాట నేను ఏనాడూ వినలేదు.

"పదో దినం పొద్దున ఎవురూ లేవకముందే దాన్ని తీసి అట్లాంటిదే ఇంకోటి పెట్టేసినా," అంది. "మా బావ కొడుకు ఏట్లో వేసింది ఉత్త రాయి. ఎవురూ కనిపెట్టలే. నాకు పంపించబుద్ధి కాలేదక్కా. పాతికేండ్లు కలిసి తిని, పదో దినం పొమ్మనేదానికి నోరు రాలే."

పొద్దుటి నుంచి నేను బెల్టు కట్టి తీసుకొచ్చింది దీన్ని. ఆకు వేయించుకుంది ఇది. మా వెంట పడవెక్కింది ఇది. నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది.

"ఎంత పని చేస్తివే! నీకేమన్నా మతి ఉండే చేసినావా?" అని అరిచాను.

"నాకు ఏడుపు ఎట్ట వస్తాది చెప్పు. పోయినవాడి కోసం ఏడుస్తారు. ఆయన ఇంట్లోనే ఉండాడు," అంది నెమ్మదిగా. "మంచం కిర్రుమంటాది. గడియ కదుల్తాది. నాకు భయం లే. కానీ ఆయనకు నెమ్మది లేదక్కా. యాడికో పోవాలని చెప్పులేసుకున్నోడి మాదిరి ఇల్లంతా తిరగతా ఉండాడు. ఈ బిడ్డ చూస్తే ఉద్యోగానికి పోను అంటా ఉండాది. ఇద్దర్నీ నేనే పట్టుకోని ఉండా."

"మన ఏట్లో కలపరాదా అమ్మా? ఇంత దూరం ఎందుకు?" అంది పిల్ల.

"ఏట్లో ఇప్పుడు ఇసకే గదే. వేసినా మళ్ళా పొయ్యి తెచ్చుకుంటా. నా సంగతి నాకు తెలుసు. ఈడైతే మళ్ళా ఎతకలేను."

నీళ్ళు జాస్తి కావాలంది ఇందుకని అప్పుడు అర్థమైంది. ప్రాణం కుదుటపడాల్సింది, పడలేదు. పిల్ల చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాచి ఆ రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఎండలో కాలుతున్న ఇసుక మీద కూర్చున్నాం. "చల్లగా ఉండాది," అంది పిల్ల. నేను తాకలేదు.

మా చెల్లెలు లేచి నీళ్ళలోకి నడిచింది. పిల్ల ఆమె కొంగు వదల్లేదు. నేను పిల్ల మణికట్టు పట్టుకున్నాను. ఒకరి వెనక ఒకరం, మోకాళ్ళు, తొడలు, నడుము దాకా. అడుగున ఇసుక పోయి బురద తగిలింది. ఆటు నీళ్ళను సముద్రం వైపు లాగుతోంది. ఆమె వంగి రాయిని నీళ్ళ అడుగున పెట్టింది. విసరలేదు. పిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు పెట్టింది. భుజం దాకా చెయ్యి నీళ్ళలో ఉంది. గడ్డం నీళ్ళకు తగులుతోంది. ఎంతసేపటికీ లేవలేదు.

"చాలు, లే," అన్నాను.

"వదల్తా లేడు," అంది. అంత మామూలుగా అంది. "అక్కా, నేను వదిలేసినా. ఆయన వదల్తా లేడు."

నేను పిల్లను గట్టిగా లాగాను. పిల్ల తల్లిని లాగింది. ఆమె కదల్లేదు, ఇంకాస్త వంగింది. నీళ్ళు నోటి దాకా వచ్చాయి. పడవ వైపు తిరిగి కేక వేద్దామంటే పిల్ల మణికట్టు నా చేతిలోంచి జారిపోతోంది, రెండు చేతులతో పట్టుకున్నాను. అప్పుడు పిల్ల నీళ్ళ వైపు వంగి, ఎవరితోనో గడప దగ్గర నిలబడి మాట్లాడినట్టు మాట్లాడింది.

"నాన్నా, నేను సోమవారం పోవాల. అమ్మను ఇడిసిపెట్టు."

మా చెల్లెలి చెయ్యి ఒక్కసారిగా పైకి వచ్చింది. ముగ్గురం వెనక్కి పడ్డాం. బురదలో చెయ్యి కూరుకుపోయి ఉంటుంది, అక్కడి బురద అట్లాంటిదే. ఆమె మణికట్టు చుట్టూ ఎర్రటి కమిలిన గుర్తు గాజులు ఒత్తుకోవడం వల్ల కావచ్చు. ఆమె ఆరు నెలలుగా గాజులు వేసుకోవడం లేదన్నది నాకు ఒడ్డుకు వచ్చాక గుర్తొచ్చింది.

తిరిగి రేవులో దిగాక పెద్దాయన జాకెట్లు పోగుచేశాడు. ఇసుక మేట మీద విప్పి, తిరిగి వచ్చేటప్పుడు వేసుకోకుండా పక్కన పడేసిన మావి మూడూ పొడిగానే ఉన్నాయి. పడవలోనే ఉండిపోయిన నాలుగోదాన్ని ఎత్తితే నీళ్ళు ధారగా కారాయి. అల తగిలి ఉంటుంది. ఆయన దాన్ని పిండి ఎండలో ఆరేశాడు.

కారులో సంచి పొద్దుటి చోటే పెట్టాను. బెల్టు తగిలించలేదు. కారు మోగలేదు. రాయి బరువు తగ్గింది కదా అనుకున్నాను. అయినా పొన్నేరి దాకా నా చూపు ఆ సీటు మీదికి పోతూనే ఉంది. మా చెల్లెలు కూడా దానివైపే చూస్తోంది, ఏదో మరిచిపోయి వచ్చినట్టు.

భోజనాలకు మళ్ళీ ఆ హోటల్లోనే ఆగాం. కావాలని కాదు, ఆ వేళప్పుడు ఆ రోడ్డులో తలుపు తెరిచి ఉన్నది అదొక్కటే. అదే టేబులు, అదే సర్వరు. మూడు ఆకులు వేశాడు. నీళ్ళు చిలకరించి, అన్నం వడ్డించి, నాలుగో కుర్చీ వైపు చూసి ఆగాడు.

"పొద్దున మీతో ఒక సారు ఉండె గదమ్మా, రాలేదా?" అని అడిగాడు. "పాపం, ఇడ్లీ ముట్టనే లేదు. మజ్జానమన్నా తింటాడేమో అనుకొంటి."

పొద్దుటి నుంచి ప్రతిదానికీ ఏదో ఒక సమాధానం వెతుక్కుంటూ వచ్చాను. ఇంక నా దగ్గర ఏమీ మిగల్లేదు. పిల్ల నా వైపు చూసింది. జవాబు చెప్పింది మా చెల్లెలే.

"లేదు నాయనా. ఆయన ఆడనే ఉండిపోయినాడు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక అది తనకే వినిపించినట్టు ఒక క్షణం ఆగింది. తర్వాత మొదలైంది ఏడుపు. ఆరు నెలల ఏడుపు. చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళు తినడం ఆపి చూశారు. పిల్ల లేచి తల్లిని చుట్టుకుంది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. అట్లా ఏడుస్తూనే మా చెల్లెలు అన్నంలో సాంబారు కలుపుకుంది. ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద కలిపి కూతురి నోటికి అందించింది.

"సోమవారం నువ్వు బయల్దేరు," అంది. "ఇంక ఇంట్లో నేను ఒక్కదాన్నే గదా. ఉంటాలే."

సర్వర్ రసం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.